కార్వేటినగరము: అంకణములు, నత్తములు, కొత్త యిండ్లు

ఆంధ్రదేశమున 'నగరము' అను మాట తోకగా గల గ్రామములు పెక్కు కలవు. వానిలో అనేకములకు ఆ మాట అలంకారము మాత్రమే. కార్వేటినగరమునకు మాత్రము అది ఒకప్పుడు యథార్థముగ చెల్లిన పేరు. 'కాడువెట్టినగరము' అను మాటయే క్రమముగ కార్వేటినగరమైనదని పెద్దలు చెప్పుదురు. కాడనగా అడవి, వెట్టి యనగా నరికి. అడవిని నరికి కట్టిన ఊరని తాత్పర్యము. పల్లవ రాజులకు 'కాడువెట్టి' అను బిరుదము కలదు గనుక, ఈ పేరును అంతకాలము వెనుకకు తీసికొనిపోవువారును కలరు. ఏది నిజమైనను ఒక విషయము మాత్రము స్పష్టము. ఈ ఊరి పేరులోనే గృహనిర్మాణ చరిత్ర యొక్క మొదటి వాక్యమున్నది. ముందు నేలను చదును చేసిరి, పిమ్మట ఇండ్లు కట్టిరి.

పుత్తూరునకు పడమటగా, నగరి కొండల పరిసరమున నున్న ఈ చోటు బొమ్మరాజు వంశీయులకు రాజధానిగా నుండెను. ఆంగ్లేయుల పాతకాగితములలో 'బొమ్‌రాజ్' అని వికృతముగ వ్రాయబడినది ఈ వంశము పేరే. ఆ వంశమువారు మొదట నారాయణవనమున నుండి, తరువాత కార్వేటినగరమున స్థిరపడిరని స్థానిక చరిత్ర. వేణుగోపాలస్వామి యాలయము, దాని సమీపమున రాతిమెట్లతో కట్టబడిన స్కంద పుష్కరిణి ఆ వైభవమునకు నేటికిని సాక్షులు. వేంకట పెరుమాళ్ రాజుగారి ఆస్థానమున సారంగపాణి వేణుగోపాలుని పేర పదములు రచించెను. గోవింద సామయ్య వర్ణములు కూర్చినదియు ఈ యాస్థానపు నీడనే. ఆస్థానమున్నచోట గాయకులు, నట్టువనార్లు, కరణములు, బంట్లు, వర్తకులు, చేతిపనివారు చేరుదురు. అందరికిని తలదాచుకొనుటకు ఇల్లు కావలెను. నేడు ఒక కర్మాగారమో, విశ్వవిద్యాలయమో వచ్చినచోట ఇంటిస్థలములకు గిరాకి పుట్టునట్లే, ఆనాడు కోట, గుడి, కోనేరు వచ్చినచోట పుట్టుచుండెను. భేదమేమనగా, నాటి ఇంటిస్థలము అంగడి సరకు కాదు. ప్రభువు ఇచ్చినది, లేక కులపెద్దలు చూపినది, లేక తాతలనాటినుండి కూర్చున్నది.

1801లో ఆర్కాటు నవాబుల పాలన ముగిసి కర్ణాటకదేశము ఈస్టిండియా కంపెనీ పరమయ్యెను. 1802లో పడమటి పాళెగాండ్లయిన వెంకటగిరి, కాళహస్తి, బొమ్మరాజు, సైదాపురము వారికి శాశ్వత పరిష్కారపు సన్నదులు లభించెను. పాళెగారు జమీందారుడయ్యెను. ఆయుధములతో చేయు కొలువునకు బదులు రొక్కముగా పేష్కషు చెల్లింపవలసి వచ్చెను. కోటచుట్టును కాపురమున్న బంట్లకు ఆ వృత్తి తీరిపోవుటతో సేద్యమే దిక్కయ్యెను.

అప్పటి ఇండ్లెట్లుండెడివి? బీదల ఇల్లు బోదతోనో, తాటియాకుతోనో, చెరకుసోగతోనో కప్పిన గుడిసె. కొంచెము కలిగినవాడు మట్టిగోడలపై కుమ్మరి చేసిన నాటుపెంకు వేయును. ఇంకను కలిగినవాడు మిద్దె కట్టును. మట్టిమిద్దె కట్టుట ఒక విద్య. గోడలపై దూలములు పరచి, వానిపై అడ్డముగ దంతెలు పేర్చి, దానిమీద ఆకును, మట్టిని పరచి, అన్నిటిపైన చవుడు వేయుదురు. చవుడు నీటిని లోనికి దిగనీయదు. అయినను ఏటేట వానకు ముందు కొత్త చవుడు పరచవలెను. పరచనిచో ఐప్పసి వానలకు ఇల్లు కారును. ధనవంతులు గానుగలో నూరిన సున్నమునకు కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి గచ్చు చేయించెడివారు. నిలువు స్తంభములకు ఎర్రచందనము వాడుట ఈ ప్రాంతములలో ఒకప్పుడు వింత కాదు. చెద పట్టదు, వంగదు. నేడు అడవిలోని ఆ చెట్టును ముట్టుకొన్నవాడు చెరసాలకు పోవును. తాత యింటి స్తంభమును చూపి మనుమడు గర్వపడవలయునో భయపడవలయునో తెలియని కాలము వచ్చినది!

ఇంటి ముందు తిన్నె, లోన నడవ, వెనుక దొడ్డి. తిన్నె ఎవ్వరిదో యింటివానిదే అయినను, దానిపై కూర్చుండు హక్కు వీధి కంతటికిని కలదు. బాటసారి నిద్రించును, పంతులు పిల్లలకు ఓనమాలు దిద్దించును, పెద్దలు పంచాయతి తీర్చుదురు. గ్రంథాలయములు పుట్టుటకు ముందు పురాణ పఠనము జరిగినది అట్టి తిన్నెలమీదనే.

ఇక్కడ 'అంకణము' అను మాటను గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. రెండు దూలముల నడిమి స్థలమునకు అంకణమని పేరు. 'మూడంకణముల ఇల్లు', 'అయిదంకణముల ఇల్లు' అని ఇంటి గొప్పతనమును దూలములనుబట్టి లెక్కించెడివారు. దూలమెంత పొడవుగా దొరకునో, ఎంత బరువు మోయునో, దానినిబట్టి ఇంటి కొలత. అనగా ఆ కొలత గుమాస్తా బల్లమీద గాక వడ్రంగి చేతిలో పుట్టినది. కాలక్రమమున అది కప్పు విడిచి నేలమీదకు దిగినది. ఇల్లు లేకున్నను, దూలము లేకున్నను, ఉత్త బీడునేలను సైతము 'ఇన్ని అంకణములు' అని కొలుచుట అలవాటైనది. తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో అంకణమనగా ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అనగా 36 చదరపు టడుగులు, నాలుగు చదరపు గజములు. నెల్లూరు ప్రాంతమున అంకణమనగా తొమ్మిది అడుగులు ఎనిమిది అడుగులచే గుణింపగా వచ్చు 72 చదరపు టడుగులు. మాట ఒకటే, నేల రెండింతలు. ఈ భేదమెరుగక నెల్లూరినుండి వచ్చి తిరుపతిలో స్థలము బేరమాడినవాడు, చౌకగా దొరికినదని సంతోషించి, హద్దురాళ్ళు చూచినప్పుడు దిగులుపడును. ఒక సెంటు 435.6 చదరపు టడుగులు గనుక తిరుపతి కొలత చొప్పున సెంటునకు 12.1 అంకణములు, నెల్లూరు కొలత చొప్పున అందులో సగము. మెట్రిక్ కొలతలు చట్టములోనికి వచ్చి దశాబ్దములు గడచినను, ఇంటిస్థలము కొనువాడు నేటికిని 'అంకణమెంత?' అనియే అడుగును.

అంకణమువలెనే తెలిసికొనదగిన మరియొక మాట 'నత్తము'. ఇది తమిళమునుండి వచ్చిన మాట. ఊరిలో ఇండ్లు కట్టుకొని కాపురముండుటకు విడిచిన నేలకు గ్రామనత్తమని పేరు. కోస్తా జిల్లాలలో దీనినే గ్రామకంఠమందురు. ఆ నేలకు పన్ను లేదు. పూర్వపు సర్వేలో పొలములన్నిటికి వేరువేరు నంబరులిచ్చిరి గాని, నత్తమంతయు సాధారణముగ ఒకే నంబరులో వదలివేసిరి. లోపల ఎవరి ఇల్లెంతవరకో, ఎవరి గోడ ఎవరిదో సర్కారు లెక్కలో లేదు. ఊరికే తెలియును. 1905 నాటి మదరాసు భూ ఆక్రమణల చట్టములో సహితము, ఇంటిస్థలముగ ఒకరికి చెందిన నత్తమును సర్కారు ఆస్తినుండి మినహాయించిరి. అనగా నత్తములోని ఇల్లు సర్కారుది కాదు, కాపురమున్నవానిది. కాని, వానిదని చూపుటకు కాగితమెక్కడ?

కాగితము లేకపోవుటకు తగిన కారణమున్నది. 1882 ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలకు తక్కువ వెలగల స్థిరాస్తిని, స్వాధీనమిచ్చుటచేతనే అమ్మవచ్చును. రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి కాదు. ఆనాడు పల్లెలో మట్టియింటి వెల నూరు రూపాయలు ఎక్కడిది? తాళపుచెవి చేతికిచ్చి, నలుగురు పెద్దల ఎదుట మాటయనుకొని, తాంబూలము పుచ్చుకొనుటతో అమ్మకము తీరెను. మాట నిలిచినన్ని దినములు దానికి లోటు రాలేదు. సాక్షులైన పెద్దలు గతించిన పిమ్మట, నూరు రూపాయల ఇంటిచోటు లక్షలు చేయుట మొదలైన పిమ్మట, వివాదములన్నియు అక్కడనే మొలచెను.

ఊరి భాగ్యమును మార్చిన మరియొక సంగతి రైలు. 1856లో మదరాసునుండి వాలాజా రోడ్డునకు దక్షిణదేశపు మొదటి రైలు నడిచెను. 1871 నాటికి వాయవ్యముగ పోవు మార్గము రాయచూరు చేరెను. ఈ మార్గము తిరుత్తణి, నగరి, పుత్తూరుల మీదుగా రేణిగుంట చేరును. కార్వేటినగరమునకు రాలేదు. సంస్థానపు రాజధాని రైలుకట్టకు ఎడమైనది. దాని క్రింది గ్రామమైన పుత్తూరు స్టేషనయ్యెను. బియ్యము, బెల్లము, కట్టెలు, బట్టలు అన్నియు స్టేషనున్న చోటికే చేరును. వర్తకుడు స్టేషను దగ్గర కొట్టు కట్టును. కొట్టు వెనుక ఇల్లు కట్టును. విరిగిన ఎముకలకు కట్టుగట్టు వైద్యముచేత పుత్తూరు పేరు దేశమంతట ప్రాకుటకును రైలే తోడ్పడెను. రైలుబండ్లలోనే మంగుళూరు పెంకు వచ్చెను. 1865లో బాసెల్ మిషను వారు మంగుళూరున నెలకొల్పిన పెంకుల కార్ఖానాతో ప్రారంభమైన ఆ సరకు, కుమ్మరి నాటుపెంకును మెల్లమెల్లగ త్రోసివేసెను. కోతులు దుమికినను నాటుపెంకువలె పగులదని గృహిణులు దానిని మెచ్చుకొనిరట. కుమ్మరి మాత్రము మెచ్చుకొనలేదు.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు, అంతవరకు ఉత్తరార్కాటులో నున్న కార్వేటినగర సంస్థానము ఆ జిల్లాలోనికి వచ్చెను. అప్పులభారముచే సంస్థానము అప్పటికే చిక్కిపోవుచుండెను. 1948లో మదరాసు ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చుటతో జమీందారీల కాలము తీరెను. ఆ చట్టములో ఇండ్లను గూర్చి ఒక ముఖ్యమైన నిబంధన కలదు. జమీందారు కచేరీలుగ వాడుచున్న కట్టడములు సర్కారు పరము; తక్కిన ప్రతి కట్టడమును అంతవరకు ఎవరిదో వారిదే. ఇంటివారికి అది పెద్ద అభయము. అయినను జమీందారు దయచే కూర్చున్నవాడు సర్కారు లెక్కకు క్రొత్తవాడు. దివాణము కరణమునకు ముఖపరిచయమున్నవాడు తాలూకా కచేరిలో అర్జీదారుడయ్యెను.

1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పుచట్టము అమలులోనికి వచ్చి, తిరుత్తణి తాలూకా మదరాసు రాష్ట్రమునకు పోయెను. సత్యవేడు ప్రాంతము ఇటు వచ్చెను. పాత సంస్థానపు ఊళ్ళు రెండు రాష్ట్రములలో పడెను. వియ్యములు, సంతలు మాత్రము సరిహద్దును పట్టించుకొనలేదు.

1985లో మండల వ్యవస్థ ఏర్పడినప్పుడు కార్వేటినగరము మండలకేంద్రమయ్యెను. జిల్లా విద్యా శిక్షణ సంస్థయు ఇచ్చటనే నెలకొన్నది. ఇంతకాలము స్వంత యింటివారే నివసించు ఊరిలో అద్దె అను మాట వాడుకలోనికి వచ్చెను. ఉపాధ్యాయ శిక్షణకు వచ్చిన పిల్లలకు గదులు కావలెను, ఉద్యోగులకు కాపురపు ఇండ్లు కావలెను. దొడ్డిలో పశువుల కొట్టమున్నచోట సిమెంటు గది లేచినది. మిద్దెపై చవుడు తీసివేసి స్లాబు పోసిరి. తిన్నెను పగులగొట్టి అంగడిగది చేసిరి. తిన్నె పోయినందుకు విచారించుట సులభము. కాని దానినుండి వచ్చు అద్దెతో పిల్లవానిని చదివించుకొన్న తల్లికి ఆ విచారము పనికిరాదు.

ఆ పిల్లవాడు చదివి ఎచ్చటికి పోయెను? పెక్కుమంది తిరుపతికి. ఇప్పుడీ కథ కార్వేటినగరము విడిచి కొండక్రిందకు పోవలసియున్నది.

తిరుపతి పట్టణమును రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, ఆలయము చుట్టును వీధులు తీర్పించి నెలకొల్పినట్లు సంప్రదాయము. 1130వ సంవత్సరము చెప్పబడుచున్నది. 1886లో పురపాలక సంఘమేర్పడెను. 1944లో కొండకు ఘాటురోడ్డు పడెను. అంతవరకు తిరుపతి యాత్రికుల ఊరు. వచ్చువారు వచ్చి పోవువారే గాని ఇల్లు కట్టువారు తక్కువ. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వచ్చిన పిమ్మట పరిస్థితి మారెను. ఆచార్యులు, గుమాస్తాలు, విద్యార్థులు, వైద్యులు, దేవస్థానపు ఉద్యోగులు అందరును నిలువనీడ వెదకుకొనిరి. పదవీ విరమణ చేసినవారికి స్వామి పాదములచెంత ఒక చిన్న యిల్లుండవలెనను కోరిక మరియొక గిరాకి. 1981లో తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడెను. 2007లో పురపాలక సంఘము నగరపాలక సంస్థగా మారెను. 2011 జనాభా లెక్కలలో నగరమున రెండు లక్షల ఎనుబది వేలకు పైగాను, చుట్టుప్రక్కల ఊళ్ళతో కలిపి నాలుగున్నర లక్షలకు పైగాను జనులుండిరి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాకేంద్రమయ్యెను. కార్వేటినగరము మాత్రము చిత్తూరు జిల్లాలోనే నిలిచెను.

ఇంత జనమునకు నేల ఎక్కడినుండి వచ్చెను? తిరుపతి పేటల పేరులు వినినచో కొంత తెలియును. తాతయ్యగుంట, కొర్లగుంట, గొల్లవానిగుంట. గుంట యనగా నీరు నిలుచు పల్లము. కొండమీద కురిసిన వాన క్రిందకు దిగుచు నిలుచుటకు పూర్వులు గుంటలు, చెరువులు ఏర్పరచిరి. ఊరు పెరిగిన కొలది గుంట పేరులో మిగిలినది; నీటికి చోటు మిగులలేదు. చెరువుక్రింది మడిచెక్క ఎకరములలో కొనబడి అంకణములలో అమ్మబడెను. దళారి నాలుగు రాళ్ళు నాటి, రంగు జెండాలు కట్టి, 'రోడ్డు వచ్చును, కళాశాల వచ్చును' అని చెప్పును. వేసవిలో స్థలము చూచినవానికి అది ఎండిన చక్కని నేల. కొనదలచినవాడు వానకాలమున ఒకసారి పోయి చూడవలెనని పాతతరము మేస్త్రీలు చెప్పుమాట ఎవ్వరు వినుచున్నారు?

2021 నవంబరున వాన ఆ మాట వినిపించెను. ఆ నెల 18, 19 తేదీల కుండపోత వానకు కొండనుండి వరద దిగి తిరుపతి పేటలు జలమయమయ్యెను. నీరు తన పాతదారిని వెదకుకొనుచు వచ్చి, ఆ దారిలో కట్టిన ఇండ్లలో చొరబడెను. ఒక యింట భూమిలో పాతిన నీటితొట్టి పైకి లేచి నిలువగా జనులు గుంపులుగా పోయి చూచిరి. కొన్ని దినములకే రాయలచెరువు కట్ట తెగునేమోయని క్రింది గ్రామములను ఖాళీ చేయించిరి. కట్ట నిలిచినది. జీవితమంతయు దాచిన సొమ్ముతో పల్లపు స్థలమున ఇల్లు కట్టుకొన్న చిరుద్యోగికి మాత్రము ఆ రెండు రాత్రులలో తెలిసినది, తాను కొన్నది నేలా, చెరువా అని.

నియమములు లేకపోలేదు. 2002లో గ్రామపంచాయతుల లేఔటు నియమములును, అదే సంవత్సరము నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టమును వచ్చెను. 2016లో పార్లమెంటు స్థిరాస్తి నియంత్రణ చట్టము చేసినది. 500 చదరపు మీటర్లకు మించిన లేఔటును నమోదు చేయక అమ్మరాదని దాని విధి. అయినను పుత్తూరు, కార్వేటినగరము వంటిచోట్ల రోడ్డుప్రక్క ఎకరము, రెండెకరముల మెట్టలో హద్దురాళ్ళు పాతునప్పుడు కొనువారెంతమంది అనుమతి కాగితము చూపుమని అడుగుదురు? స్థలము తూర్పుముఖమా, ఉత్తరముఖమా అని మాత్రము అందరును అడుగుదురు.

పేదల యిండ్ల సంగతి వేరు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది మొదలు, ప్రభుత్వములు మారినను పథకములు పేరులు మార్చుకొనుచు కొనసాగెను. 2020 డిసెంబరులో ప్రారంభించిన పథకమున పల్లెలలో సెంటున్నర, పట్టణములలో సెంటు చొప్పున స్థలములిచ్చిరి. సెంటున్నర యనగా తిరుపతి కొలతలో పదునెనిమిది అంకణములు. పాతకాలపు లెక్కలో పదునెనిమిది అంకణముల ఇల్లు జమీందారు భవంతి! దూలము నేలమీదకు దిగిన పిమ్మట అంకణము ఎంత చిన్నదైనదో దీనివలన గ్రహింపవచ్చును. స్థలము పొందిన కూలివానికి ఈ చమత్కారముతో పనిలేదు; ఊరికి దూరమైనను తన పేర పట్టా యుండుట వానికి మొదటి ధైర్యము.

విచిత్రమేమనగా, ఊరి నడుమ తాతలనాటినుండి కాపురమున్న నత్తమువానికి ఆ ధైర్యము లేదు. 2007లో రిజిస్ట్రేషను చట్టమునకు రాష్ట్రము చేర్చిన 22-ఏ నిబంధన ప్రకారము, సర్కారు భూముల పట్టికలలో చేరినవి రిజిస్టరు కారాదు. పెక్కుచోట్ల నత్తములు, గ్రామకంఠములు ఆ పట్టికలలో పడెను. కూతురి పెండ్లికి ఇల్లు తాకట్టు పెట్టబోయినవాడు బ్యాంకులో 'కాగితము తెమ్మ'నిపించుకొనును. అమ్మబోయినవాడు కచేరిలో 'నిషిద్ధము' అనిపించుకొనును. గ్రామకంఠములోని ఇంటిస్థలము సర్కారుది కాదని న్యాయస్థానములు పలుమారులు చెప్పినను, ప్రతివాడును న్యాయస్థానము వరకు పోగలడా? 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము 'స్వామిత్వ' పథకమును ప్రకటించెను. గాలిలో ఎగురు డ్రోను యంత్రముతో పల్లెలోని కాపురపు నేలను చిత్రించి, ఇంటింటికి హద్దులు గుర్తించి, యజమానికి పత్రమిచ్చుట దాని యుద్దేశము. పూర్వము గొలుసు పట్టుకొని తిరిగిన సర్వేయరు నత్తపు గడపలో ఆగిపోయెను. యంత్రము పైనుండి అన్ని కప్పులను చూచును. అన్నదమ్ములు పంచుకొన్న ఉమ్మడిగోడ ఎవరిదో మాత్రము పైనుండి కానరాదు. దానికి మరల ఊరిలోని పెద్దలే సాక్ష్యము చెప్పవలెను.

కార్వేటినగరపు పాతవీధులలో ఇప్పుడు రెండు విధముల ఇండ్లు ప్రక్కప్రక్కన కలవు. ఒకటి మూడంతస్తులుగ లేచిన రంగురంగుల స్లాబు మిద్దె. మరియొకటి తాళము వేసిన మట్టిమిద్దె. దాని హక్కుదారులు తిరుపతిలోను, మదరాసులోను, బెంగుళూరులోను ఉందురు. ఏటేట చవుడు పరచువారు లేక వానకు ఒక మూల కూలును. అన్నదమ్ములు కూడి పంచుకొను దినమున ముందుగా వడ్రంగిని పిలిచి ద్వారబంధములను, దూలములను విప్పింతురు. పాతకలపకు గిరాకి హెచ్చు. దూలములు బండికెక్కిన తరువాత, మిగిలిన మట్టిదిబ్బమీద టేపు పరచి, ఎన్ని అంకణములో కొలుచుకొందురు.